గెలిచిన రోజు సాక్ష్యం

"గోల్ కొట్టాక ఆకాశం వైపు వేలు చూపించమని ఇంకెప్పుడూ చెప్పొద్దు నాన్నా. అవతలి గోల్‌కీపర్ కూడా చర్చికి వెళ్తాడు. గోల్ ఇచ్చింది దేవుడే అయితే వాడి మీద దేవుడికి కోపమా?" అన్నాడు మా అబ్బాయి, కారులో బూట్ల తాళ్లు విప్పుకుంటూ.

నేనెందుకు అలా చెబుతున్నానో వాడికి తెలీదు. 2007 మేలో ఏథెన్స్‌లో ఏసీ మిలాన్ లివర్‌పూల్‌ను 2-1తో ఓడించి, యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్ గెలిచిన రాత్రి నేను హైదరాబాద్‌లో హాస్టల్ టీవీ ముందున్నాను. మ్యాచ్ అయిపోగానే మిలాన్‌కు ఆడే బ్రెజిల్ ఆటగాడు కాకా జెర్సీ తీసేశాడు. తాను యేసుకు చెందినవాణ్ణని లోపలి తెల్ల టీషర్టు మీద రాసి ఉంది. మోకాళ్ల మీద కూర్చుని చేతులు పైకెత్తాడు. ఆ గదిలో క్రైస్తవుణ్ణి నేనొక్కణ్ణే. అప్పటిదాకా మెస్‌లో అన్నం ముందు కళ్లు మూసుకోవడానికి కూడా మొహమాటపడేవాణ్ణి. ఆ రాత్రి తర్వాత ఆ మొహమాటం పోయింది. నా కొడుక్కి కూడా అలాంటి ధైర్యం రావాలని నా ఆశ.

కానీ వాడికి ఆ అవసరమే లేదు. దక్షిణ లండన్‌లో వాడి టీమ్‌లో సగం మంది నైజీరియా, ఘనా కుటుంబాల పిల్లలు. ఆదివారం పొద్దున మ్యాచ్ అయిపోగానే బురద కాళ్లతో చర్చికి పరిగెత్తేవాళ్లే. దక్షిణ లండన్ క్లబ్ క్రిస్టల్ ప్యాలెస్‌కు కెప్టెన్సీ చేసిన మార్క్ గేహి ఐవరీ కోస్ట్‌లో పుట్టి ఇక్కడి లూయిషమ్‌లోనే పెరిగాడు. వాళ్ల నాన్న చర్చి సేవకుడు. నేను పదిమందిలో ఒక్కణ్ణై గట్టిగా చెప్పుకోవాల్సి వచ్చిన మాట, వీళ్లకు ఇంటిపేరులా ఎప్పుడూ వెంట ఉండేదే.

2024 చివర్లో ఎల్‌జీబీటీ సమాజానికి మద్దతుగా కెప్టెన్లు కట్టుకున్న ఇంద్రధనుస్సు రంగుల బ్యాండ్ మీద, యేసును ప్రేమిస్తున్నానని గేహి రాసుకున్నాడు. తర్వాతి మ్యాచ్‌లో యేసు నిన్ను ప్రేమిస్తున్నాడని రాశాడు. ఆటలో వేసుకునే దుస్తుల మీద మతపరమైన రాతలు ఆట నియమాలకు విరుద్ధం. ఇంగ్లండ్‌లో ఆటను నడిపే ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆ నియమం గుర్తుచేసింది, శిక్ష మాత్రం వెయ్యలేదు. నాకు గర్వంగా అనిపించింది. "ఆ బ్యాండ్ ఎవరి కోసమో వాళ్లకు ఆ రాత ఎలా అనిపించి ఉంటుంది?" అని మా ఆవిడ అడిగింది. ప్రేమించడమంటే వాళ్లకు తలుపు తెరవడమా, లేక నా పేరు వాళ్ల తలుపు మీద రాయడమా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మత్తయి సువార్త అయిదో అధ్యాయం మీ వెలుగు మనుషుల ముందు ప్రకాశించాలంటుంది. ఆరో అధ్యాయం గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమంటుంది. నేను అయిదులో ఉన్నాను, మా అబ్బాయి ఆరులో ఉన్నాడు.

పిల్లల్ని ఆటకు పంపే తోటి తల్లిదండ్రులకు, ఇంగ్లండ్ ఆటగాడు బుకాయో సాకాను వాళ్లకు చూపించమని చెబుతుంటాను. 2021 జులై 11న లండన్‌లోని వెంబ్లీలో ఇంగ్లండ్, ఇటలీల మధ్య యూరో కప్ ఫైనల్, పెనాల్టీల దాకా వెళ్లింది. పంతొమ్మిదేళ్ల సాకా కొట్టిన చివరి పెనాల్టీని ఇటలీ గోల్‌కీపర్ ఆపేశాడు. ఆ రాత్రి నుంచే అతని మీద, అతనిలాగే పెనాల్టీ తప్పిన రాష్‌ఫోర్డ్ మీద, సాంచో మీద ఆన్‌లైన్‌లో జాతి దూషణలు మొదలయ్యాయి. ఆ కుర్రాడు చేదుగా మారలేదు. రోజూ రాత్రి బైబిల్ చదువుతానని తర్వాత చెప్పాడు. 2024 యూరోలో, జర్మనీలోని డుస్సెల్‌డార్ఫ్‌లో స్విట్జర్లాండ్ మీద గోల్ కొట్టి ఇంగ్లండ్‌ను నిలబెట్టాడు, పెనాల్టీల షూటౌట్‌లో మళ్లీ ముందుకొచ్చి గోల్ చేశాడు.

ఈ కథ నేను ఎప్పుడు చెప్పినా డుస్సెల్‌డార్ఫ్ దగ్గరే ముగిస్తాను. అక్కడ కూడా తప్పిపోయి ఉంటే చెప్పేవాణ్ణా? అప్పుడు ఆ బైబిల్ పఠనం తక్కువైపోయేదా? మా తెలుగు చర్చి సంఘంలో, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు లేచి చెప్పే సాక్ష్యాలన్నీ ఇలాంటివే. వీసా వచ్చింది, ఇల్లు కొన్నాం, పాపకు మంచి స్కూల్లో సీటొచ్చింది, దేవునికి స్తోత్రం. రానివాళ్లు వెనక వరుసలో కూర్చుని ఆమెన్ అంటారు. పిల్లలు అవి వింటూ పెరుగుతారు. ఇక్కడ ఎందరో సాక్ష్యం చెప్పడానికి లేవరంటే, కృతజ్ఞత లేక కాదేమో.

మావాడు పెద్ద టీమ్‌కు ఎంపికయ్యాడని తెలిసి, వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పించమన్నారు పాస్టర్ గారు. వాడు రానన్నాడు. వాడితో పాటు ట్రయల్స్‌కు వెళ్లిన స్నేహితుడు ఎంపిక కాలేదు. ఆ పిల్లాడిదీ మా సంఘమే. వాడి ముందు ఏమని చెప్పాలని అడిగాడు. బలవంతం చేయాలనిపించలేదు.

అందుకని నేనే మాట్లాడతానన్నాను. 2005లో ఇస్తాంబుల్‌లో ఇదే మిలాన్, ఇదే లివర్‌పూల్ మీద సగం ఆటకు 3-0తో ముందుండి పెనాల్టీల్లో ఓడిపోయింది. కాకా తన పెనాల్టీ గోల్ చేశాడు, అయినా కప్పు పోయింది. అప్పుడూ అతను విశ్వాసే. నా ధైర్యం కథ చెప్పినప్పుడల్లా ఏథెన్స్‌తోనే మొదలుపెట్టాను. ఈసారి ఇస్తాంబుల్‌తో మొదలుపెట్టాలని ఉంది. ఓటమి దగ్గర ఆపేసిన సాక్ష్యానికి మావాళ్లు స్తోత్రం అంటారో లేదో తెలీదు.