పెద్దరికమా, నార్సిసిజమా?

ఈ మధ్య హన్మకొండలో మా బంధువర్గంలో ఎవరి మీద కోపం వచ్చినా 'ఆయనొక నార్సిసిస్టు' అనేయడం అలవాటైంది. నార్సిసిజమంటే తానే గొప్పనుకొంటూ, ఎప్పుడూ మెప్పు కోరుకొంటూ, ఎదుటివారి బాధ పట్టని వ్యక్తిత్వ లోపం. సొంత డబ్బా కొట్టుకొనే మేనమామను, పెండ్లిలో ముందు వరుసలో కూర్చోబెట్టలేదని అలిగిన బావను, పొద్దంతా సెల్ఫీలు పెట్టే పిల్లను అందరినీ ఒకే గాటన కడుతున్నారు. గొప్పలు చెప్పుకోవడం నార్సిసిజం లక్షణాల్లో తేలికగా కంటబడేదే గాని, నా దృష్టిలో ముఖ్యమైనది కాదు.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తన నిర్ధారణ గ్రంథంలో ఈ వ్యక్తిత్వ లోపానికి తొలిసారి చోటిచ్చింది. 2013లో వచ్చిన ఐదో ప్రతి ప్రకారం 9 లక్షణాల్లో కనీసం 5 ఉండాలి. అవి యౌవనారంభం నుంచే మొదలై, ఇంట్లో, కొలువులో, స్నేహాల్లో పదేపదే బయటపడుతుండాలి. ఒక్క పెండ్లిలో అలిగినంత మాత్రాన ఎవరూ ఈ కోవలోకి రారు.

నేను ముందుగా గమనించేది ఎదుటివారి బాధ దగ్గర ఆ మనిషి ఎలా ఉంటారన్నది. ఆపరేషన్ అయిన మా చిన్నమ్మను చూడటానికి దవాఖానకు వచ్చిన ఒక బంధువు, తాను ఎవరికి ఫోన్ చేసి మంచం ఇప్పించారో చెప్పుకొంటూ కూర్చున్నారే తప్ప, నొప్పి తగ్గిందా అని ఒక్కసారీ అడగలేదు. సమయం అయిపోయిందని నర్సు చెబితే ఆమె మీద మండిపడి, ఆ తర్వాత తనకే అవమానం జరిగిందని ఇంటింటికీ చెప్పుకొచ్చారు. తప్పు ఎత్తిచూపితే ఆయన నోట వచ్చేది ఒకటే మాట: "నువ్వు అట్ల అనకపోతే నాకు కోపమే రాకపోవు." ఆయన భార్య మాత్రం ఆయన మనసు మంచిదేనని అందరికీ సర్దిచెబుతూ ఉంటుంది.

గొప్పలు చెప్పుకోని రకం కూడా ఉంటుంది. పైకి బిడియంగా, ఎప్పుడూ తనకే అన్యాయం జరిగినట్టు కనిపిస్తూ, చిన్న విమర్శకే నెలల తరబడి మాట్లాడటం మానేసే ఈ రకాన్ని పరిశోధకులు వేరుగా గుర్తిస్తారు. ఇంట్లోవాళ్లు మాత్రం దాన్ని సున్నిత మనస్తత్వమనుకొని సరిపెట్టుకొంటారు.

గడీల్లోని దొరల పెత్తనం చూసిన మన ప్రాంతంలో మరొక చిక్కు ఉంది. ఆజ్ఞాపించడం, ముందు తానే తినడం, ఆడవాళ్ల మాట వినకపోవడం వంటివి చాలామందికి వ్యవస్థ నేర్పిన అలవాట్లే గాని వ్యక్తిత్వ లోపాలు కావు. అంతమాత్రాన వాటిని సహించాలని నేననను. బిడ్డ గట్టిగా నిలదీస్తే గొణుక్కుంటూనైనా తగ్గే తండ్రి వేరు, ఆ మాటనే ద్రోహంగా మనసులో పెట్టుకొని ఏళ్లపాటు సాధించే తండ్రి వేరు.

నిర్ధారణ మానసిక వైద్యుల పని. దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదు. దీర్ఘకాలం సాగే మాటల చికిత్సే ఆధారం, అయితే ఇటువంటివారు తమంతట తాము రావడం అరుదు. కాబట్టి 'నువ్వు నార్సిసిస్టువి' అని ముఖాన అనడంకన్నా, జరిగిన పనిని పేర్కొని ఇది నాకు సమ్మతం కాదని చెప్పడమే మేలు. వారితో బతుకుతూ నలిగిపోతున్నవారు తమ కోసమే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. కొట్టడం దాకా వస్తే మహిళలు తమ సహాయవాణి 181కి చేయాలి. అప్పుడు ఆయనకున్న లోపం పేరేమిటన్న చర్చ అనవసరం.