టైడ దాటాక రెండున్నర గంటలు

విజయనగరం నుంచి ఎస్.కోట దాకా మా బండిలో వేడి చూపించే ముల్లు సగానికి కొంచెం కిందనే నిలబడి ఎక్కడా కదలలేదు. ఏప్రిల్ మొదటి వారపు ఎండలోనూ అది అలా నిలకడగా ఉండడం చూసి, బయలుదేరే ముందు షెడ్డులో కట్టిన 3,800 రూపాయలు వృథా పోలేదని నా భార్యతో రెండుసార్లు అన్నాను. ఆ మాట ఘాట్ రోడ్డు ఎక్కేదాకా దాచుకుని ఉంటే బాగుండేది.

మాది 1998 నాటి మారుతి 800. అందులో ఏసీ పనిచేయడం మానేసి ఆరేళ్ళయింది, హీటరు మాత్రం ఎందుకో నిక్షేపంగా ఉంది. వారానికొకసారి గుడికో, సంతకో తప్ప బయటికి తీయని బండి కాబట్టి, అరకు తీసుకెళ్ళే ముందు ఒకసారి అంతా చూడమని షెడ్డులో అప్పగించాను. రేడియేటర్ కడిగారు, ఇంజనును చల్లార్చే కూలెంట్ కొత్తది పోశారు, రబ్బరు గొట్టాలు మార్చారు, ఫ్యాను బెల్టు అని చెప్పి బిల్లులో ఇంకో వంద కలిపారు. మా బండిలో రేడియేటర్ ఫ్యానుకు బెల్టు ఉండదని, అది కరెంటు మోటారుతో తిరుగుతుందని నాకు అప్పటికే తెలిసి ఉంటే ఆ బిల్లు దగ్గరే అనుమానం వచ్చేది.

బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యాక మా ముందు ఒక టూరిస్టు బస్సు పడింది. దాన్ని దాటే చోటు లేక, మొదటి గేరుకూ రెండో గేరుకూ మధ్య ఊగుతూ, పదిహేను ఇరవై వేగంతో దాని పొగ పీల్చుకుంటూ ఎక్కాము. టైడ దాటేసరికి ముల్లు సగం దాటింది. ఇంకో నాలుగు మలుపులకు ఎర్రగీతను ముట్టుకుంది. బెల్లం పాకం మాడినట్టు తియ్యటి వాసన లోపలికి వచ్చిన తరువాత గాని, అది కూలెంట్ వాసన అని నాకు తట్టలేదు. కొంచెం వెడల్పున్న చోటు చూసి బండి ఆపేసరికి బానెట్ అంచుల నుంచి ఆవిరి ఎగసింది. వెనక సీట్లో ఉన్న మా అమ్మ, "కిరండూల్ ప్యాసింజర్‌కి పోదామంటే విన్నావా, నాన్నా?" అని మాత్రం అంది. అంతకంటె గట్టిగా తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

బానెట్ ఎత్తి, తువ్వాలు మడిచి రేడియేటర్ మూత మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాను. 1986లో మా కుటుంబమంతా అద్దె అంబాసిడర్‌లో శ్రీశైలం వెళ్ళినప్పుడు, దోర్నాల దాటాక ఆ బండి ఇలాగే ఉడికింది. డ్రైవరు గోనెపట్టా వేసి మూత తిప్పగానే నీళ్ళు నిలువెత్తున లేచాయి. మోచేతి దాకా బొబ్బలెక్కిన అతని చేతికి మా నాన్నగారు కొబ్బరినూనె రాయడం, అతను నొప్పిని దిగమింగుతూ మిగిలిన ఘాట్ అంతా ఒంటిచేత్తో నడపడం నాకు ఈనాటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. మూత బిగించి ఉన్నంతసేపు లోపలి ఒత్తిడి వల్ల నీళ్ళు నూట పది దాటినా మరగకుండా ఉంటాయని, మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి అంతా ఒక్కసారిగా ఆవిరై పైకి లేస్తుందని చాలా ఏళ్ళ తరువాత తెలుసుకున్నాను. కొండ మీద ఇది మరీ ప్రమాదం. అరకు రైలు దారిలో 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ స్టేషను దగ్గర మామూలు గిన్నెలో నీళ్ళు తొంభై ఏడు డిగ్రీలకే మరుగుతాయి.

ఆగినవాళ్ళందరూ సలహాలే ఇచ్చారు. ఒకాయన ఇంజను మీద చన్నీళ్ళు కుమ్మరించమన్నాడు. కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టే కదా, ఆ పని చేస్తే అల్యూమినియం హెడ్డు వంకరపోతుందని, లేదా పగులుతుందని నేను భయపడి ఊరుకున్నాను. ఇంకొకాయన కారు దిగకుండానే, ఇలాంటి బండ్లు కొండల మీదికి తేకూడదని చెప్పి వెళ్ళిపోయాడు. కాస్త పైనున్న బడ్డీలో 20 రూపాయల నీళ్ళ సీసా 30కి అమ్ముతున్నారు. నాలుగు సీసాలు కొన్నాను. అందులో రెండు మేమే తాగేశాము.

ముప్పావు గంట గడిచాక, పసుపు బస్తాలూ మనుషులూ కిక్కిరిసిన ఒక జీపు మా వెనక ఆగింది. యాభై దాటిన డ్రైవరు దిగి, ముందు నా బండి వెనక చక్రానికి ఒక రాయి అడ్డం పెట్టాడు. నాకు ఆ ఆలోచనే రాలేదు. తరువాత బానెట్ వైపు చూడకుండానే నన్ను ఒకే ఒక మాట అడిగాడు: "కింద రోడ్డు మీద వేడెక్కిందా బాబూ, కొండెక్కాకేనా?"

కొండెక్కాకే అన్నాను. అయితే ఫ్యానే అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్న షెడ్డులో ఎవరూ వేయలేదన్న సంగతి నన్ను ఆ రోజంతా వేధించింది. మైదానంలో అరవై వేగంతో పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లారుస్తుంది కాబట్టి ఫ్యాను చచ్చిపోయినా ముల్లు కదలదు. ఘాట్‌లో వేగం పడిపోయి, ఇంజను మీద భారం పెరిగినప్పుడే ఫ్యాను అవసరం బయటపడుతుంది. పాత అంబాసిడర్‌లో ఇంజను తిరిగితే చాలు, బెల్టుతో ఫ్యానూ తిరిగేది. మా బండిలో మాత్రం నీళ్ళు ఒక హద్దు దాటి వేడెక్కితే ఒక స్విచ్ కలిసి ఫ్యానుకు కరెంటు పంపాలి. కూలెంట్ పోసిన రోజు షెడ్డులో బండిని పది నిమిషాలు ఆన్‌లో నిలబెట్టి, ఫ్యాను తిరిగేదాకా ఆగి ఉంటే మాకు ఈ కథే ఉండేది కాదు.

జీపు డ్రైవరు ముందు ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. స్విచ్‌కు వెళ్ళే ప్లగ్గు ఊడదీసి, ఏదైనా పిన్నీసు ఉందా అని అడిగాడు. మా అమ్మ గాజులకు ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు వేలాడుతుంటాయి. ఒకటి తీసిచ్చింది. అతను దాన్ని వంచి ప్లగ్గులోని రెండు రంధ్రాల్లో దోపి, పాత ట్యూబు ముక్క చుట్టి, తాళం తిప్పమన్నాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. జీపులోని జనం కూడా తొంగిచూసి నవ్వారు.

మూత తీయడానికి మాత్రం అతను తొందరపడలేదు. గొట్టాన్ని చేత్తో నొక్కి చూసి, అది మెత్తబడేదాకా బీడీ కాల్చుకుంటూ ఆగి, అప్పుడు గుడ్డ వేసి మూతను సగం తిప్పి, బుస్సుమన్న శబ్దం పూర్తిగా ఆగాక తీశాడు. జీపులోని కుర్రాడొకడు డబ్బా పట్టుకెళ్ళి గెడ్డ (కొండవాగు) నుంచి నీళ్ళు తెచ్చాడు. ఇంజను ఆన్ చేయించి, ఆ నీళ్ళు సన్నటి ధారగా పోశాడు. గెడ్డనీళ్ళు మైదానంలో పారబోయించి, మళ్ళీ కూలెంట్ పోయించమని చెప్పాడు.

ఎంతిమ్మంటారని అడిగితే 300 అన్నాడు. నేను అలవాటు చొప్పున 200 అన్నాను. నా భార్య నా వైపు చూసిన చూపుకు వెంటనే 300 ఇచ్చేశాను. అతను లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని, అనంతగిరి దాకా హీటరు పూర్తిగా పెట్టి, అద్దాలు దించి నడపమన్నాడు. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజను వేడిని కొంత కారులోకి లాగేస్తుంది. ఏప్రిల్‌లో కాళ్ళ మీదికి కుంపటి గాలి కొడుతుండగా, డముకు దాటి అనంతగిరి కాఫీ తోటల్లోకి వెళ్ళాము. వానపడి వారం పది రోజులైనట్టుంది, కాఫీ చెట్లు తెల్లగా పూసి ఉన్నాయి. మల్లెపూల వంటి ఆ వాసన చల్లగా ఒక అద్దంలోంచి వచ్చి, వేడిగా ఇంకో అద్దంలోంచి పోయింది. గాలికొండ దగ్గర కూడా ముల్లు సగం దాటలేదు.

అరకులో రెండు రోజులున్నాము. బొంగులో చికెన్‌కు 450 తీసుకున్నారు, ముక్కల కంటె బొంగే బరువుగా ఉంది. దిగేటప్పుడు రెండో గేరులో, ఫ్యాను హోరు వింటూ, భయం లేకుండా వచ్చాము.

మర్నాడు షెడ్డుకు వెళ్తే, ఫ్యాను సంగతి మీరు చెప్పలేదు కదా సార్ అన్నారు. కొత్త స్విచ్ వేసి 550 తీసుకున్నారు. ఇంటికి రాగానే మా అమ్మ తన పిన్నీసు ఏదని అడిగింది. వెనక్కి ఫోన్ చేస్తే, నల్లబడిపోయిందని పారేశామన్నారు.