కువైట్ ల్యాబ్‌లో ఫోరెన్సిక్ సాఫ్ట్‌వేర్: ఎక్కించడం కంటే తీసేయడమే పెద్ద పని

కడప, రాయచోటి, కదిరి వైపు నుంచి కువైట్ పోయేవాళ్ళంటే ఒకప్పుడు డ్రైవర్లు, వంటవాళ్ళు, మేస్త్రీలే. ఇప్పుడు అనంతపురంలోనో కర్నూలులోనో బీటెక్ ముగించి అక్కడి ఆడిట్ సంస్థల్లో, ఐటీ విభాగాల్లో చేరే పిల్లలూ ఉన్నారు. అలాంటివాళ్ళకు డిజిటల్ ఫోరెన్సిక్ మిషన్ (అనుమానితుల డిస్కుల్లో ఆధారాలు వెతికే కంప్యూటర్) సిద్ధం చేసే పని అప్పజెబితే, "నెక్స్ట్, నెక్స్ట్ కొడితే ఎక్కిపోతుంది కదా" అంటారు. ఎక్కుతుంది, కాదనడం లేదు. ఎలా ఎక్కించారో రేపు వకీలు అడిగితే కాగితం చూపించాలి. ఉద్యోగం మానేసే రోజున పాత కేసుల జాడ మిగలకుండా తీసేసి రావాలి.

అన్నిటికంటే ముందు ఒక మాట. అనుమానితుడి కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించకూడదు. చెరిపేసిన ఫైళ్ళు డిస్కులో ఖాళీగా కనిపించే చోటే ఉంటాయి, ఇన్‌స్టాలర్ రాసేదీ అక్కడే. డిస్కు విప్పి, దాని మీద ఏదీ రాయనివ్వని రైట్ బ్లాకర్‌కు తగిలించి, మన మిషన్‌లో ఇమేజ్ (డిస్కు మొత్తానికీ అచ్చు నకలు) తీసుకోవాలి. ఆన్‌లో ఉన్న మిషన్‌ను ఆపే వీలు లేకపోతే ఇమేజ్ తీసే ఎఫ్‌టీకే ఇమేజర్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని అక్కడి నుంచే నడపొచ్చు. అప్పుడు కూడా పెన్‌డ్రైవ్ పెట్టిన గుర్తు విండోస్ సెట్టింగుల చిట్టా అయిన రిజిస్ట్రీలో పడుతుంది. పెట్టిన సమయం నిమిషంతో సహా రాసుకుంటే ఆ గుర్తుకు జవాబు ఉంటుంది.

ఇక మన మిషన్ సంగతి. డౌన్‌లోడ్ అయిన ఇన్‌స్టాలర్ మీద విండోస్ ఆదేశాల తెర పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హాష్ కొడితే ఫైలుకు వేలిముద్ర లాంటి 64 అక్షరాల హాష్, అంటే ఎస్‌హెచ్‌ఏ-256 విలువ వస్తుంది. తయారీదారు ఇచ్చిన విలువతో పోల్చి, దాన్నీ, వెర్షన్ నంబరునూ, తేదీనీ, ఎక్కించినవారి పేరునూ రిజిస్టర్‌లో రాయండి. తర్వాత జవాబులు ముందే తెలిసిన పరీక్ష ఇమేజ్‌ను నడిపి చూడాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇలాంటివి ఉచితంగా ఇస్తుంది. వెర్షన్ మారితే పరీక్ష మళ్ళీ మొదటికే. కేసు నడుస్తుండగా అప్‌డేట్ జోలికి పోవద్దు. కొత్త వెర్షన్‌లో తెరిస్తే కేసు డేటాబేస్ మారిపోతుంది, తిరిగి పాత దాంట్లో తెరుచుకుంటుందన్న భరోసా లేదు.

ఇమేజ్‌లో ఆధారాలు వెతికే సాఫ్ట్‌వేర్ ఆటాప్సీకి 16 జీబీ ర్యామ్ ఉంటే సుఖం. ఆప్షన్స్‌లో జావా మెమరీ పెంచుకోవచ్చు, కానీ ఉన్నదంతా దానికే ఇచ్చేస్తే పదాలు వెతికే సోలార్ సర్వీసుకూ విండోస్‌కూ ఏమీ మిగలదు. కేసు ఫోల్డర్‌ను డీ డ్రైవ్‌లో చిన్న పేరుతో పెట్టండి. డెస్క్‌టాప్ లోపల ఐదారు ఫోల్డర్ల లోతున పెడితే 260 అక్షరాల హద్దు దాటి కొన్ని ఫైళ్ళు బయటికి తీయడం కుదరదు. వన్‌డ్రైవ్‌లో పెడితే మరీ నష్టం, సింక్ అవుతూ డేటాబేస్‌కు తాళం పడుతుంది. ఇమేజ్‌లో ఉన్న వైరస్‌ను విప్పగానే విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ ఎత్తుకుపోతుంది. అందుకే కేసు ఫోల్డర్‌నూ టెంప్ ఫోల్డర్‌నూ మినహాయింపుల్లో చేర్చాలి. ఆఫీసు డొమైన్ పాలసీ రాత్రికి రాత్రి ఆ మినహాయింపును చెరిపేయగలదు కాబట్టి ఐటీవాళ్ళ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. గల్ఫ్ కేసుల్లో అరబిక్ తప్పదు. కీవర్డ్ సెర్చ్ అమరికల్లో స్ట్రింగ్ ఎక్స్‌ట్రాక్షన్ దగ్గర అరబిక్ లిపికి టిక్ పెట్టకపోతే, ఖాళీ జాగాలో మిగిలిన అరబిక్ ముక్కలు వెతుకులాటకు దొరకవు.

ఊరి నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్ గడియారం మన టైమ్‌లోనే ఉండిపోతుంది. కువైట్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే 3 గంటలు ముందు, మనం ఐదున్నర. అక్కడ రాత్రి 11:40కి తాకిన ఫైలు రిపోర్టులో మరుసటి రోజు తెల్లవారుజామున 2:10 అని పడుతుంది, అంటే తేదీయే మారిపోయింది. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కు సమయాన్ని యూటీసీలో దాస్తుంది కాబట్టి సరిచేసుకోవచ్చు. పాత ఫ్యాట్ పద్ధతి పెన్‌డ్రైవ్ స్థానిక సమయమే దాస్తుంది, అందుకని డేటా సోర్స్ చేర్చేటప్పుడే టైమ్ జోన్ సరిగా ఎంచుకోవాలి.

డబ్బు కట్టి కొనే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి డాంగిల్ (లైసెన్సు దాచుకున్న యూఎస్‌బీ పుల్ల) ఉంటుంది. కోడ్‌మీటర్ రకమైతే ముందు దాన్ని నడిపే రన్‌టైమ్ ఎక్కించి, ఆ తర్వాతే డాంగిల్ పెట్టండి. నెట్‌వర్క్ లైసెన్సయితే ఫైర్‌వాల్‌లో 22350 పోర్టు తెరిచి ఉండాలి. రిమోట్ డెస్క్‌టాప్‌లో చూస్తే కొన్ని లైసెన్సులు కనిపించవు, అది చూసి డాంగిల్ చెడిపోయిందని కంగారు పడొద్దు. కువైట్‌లో సెలవు శుక్ర, శనివారాలు. అమెరికా కంపెనీ సపోర్ట్‌కు శని, ఆదివారాలు. లైసెన్సు శుక్రవారం ముగిసిందంటే ఆదివారం మీరు ఆఫీసులో ఉన్నా అవతల పలికేవాళ్ళుండరు. సోమవారం సాయంత్రం దాకా ఆగాల్సిందే. గడువు ఇంకా రెండు వారాలు ఉందనగానే మెయిల్ పెట్టడం మేలు.

ఇక తీసేయడం. ఇక్కడ వరుస తప్పితే తల నొప్పే. ఆన్‌లైన్‌లో యాక్టివేట్ చేసిన లైసెన్సును మొదట డీయాక్టివేట్ చేయాలి. సాఫ్ట్‌వేర్ తీసేసి, విండోస్ కూడా కొత్తగా వేశాక గుర్తొస్తే ఆ సీటు (లైసెన్సు వాడుకునే హక్కు) పాత మిషన్ పేరునే ఉండిపోతుంది, కంపెనీకి ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోవాలి. తర్వాత కేసులు ఆర్కైవ్ చేసి, హాష్ తీసి, ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్. ఎఫ్‌టీకే లాంటి ఫోరెన్సిక్ సాఫ్ట్‌వేర్లు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడతాయి. పోస్ట్‌గ్రెస్‌ను కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేసినా డేటా ఫోల్డర్ మాత్రం అక్కడే ఉంటుంది, కేసు వివరాలున్నది దాంట్లోనే. మళ్ళీ ఎక్కించినప్పుడు పాత సర్వీసు 5432 పోర్టును పట్టుకుని ఉంటే కొత్తది 5433కి జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ పాత పోర్టులోనే వెతికి "డేటాబేస్ దొరకలేదు" అంటుంది.

ఆటాప్సీ తీసేసినా యూజర్ ఫోల్డర్‌లో, యాప్‌డేటా కింద రోమింగ్‌లో ఆటాప్సీ పేరుతో ఫోల్డర్ మిగులుతుంది. సెట్టింగులే కదా అని వదిలేస్తారు. సెంట్రల్ రిపాజిటరీ (అన్ని కేసుల సమాచారం ఒకచోట దాచే సదుపాయం) వాడి ఉంటే మాత్రం గత కేసుల ఫైళ్ళ హాష్‌లు, ఈమెయిల్ చిరునామాలు, ఫోన్ నంబర్లు మూటగట్టి అక్కడే ఉండొచ్చు. మీ కుర్చీలోకి వచ్చేవాడికి ఆ మూట అప్పగించి పోకూడదు. టెంప్ ఫోల్డర్‌నూ చూడండి. ఎస్‌ఎస్‌డీలో ఫైలు మీద మళ్ళీ రాసినా పాత ముక్కలు మిగలొచ్చు. డిస్కు మొదటి నుంచీ విండోస్ ఎన్‌క్రిప్షన్ బిట్‌లాకర్‌లో ఉంటే తాళంచెవిని నాశనం చేస్తే చాలు, లేదంటే తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. మరో ఫోరెన్సిక్ సాఫ్ట్‌వేర్ ఎక్స్-వేస్‌కు ఈ బాధ తక్కువ, ఫోల్డర్ కాపీ చేసి నడపడమే.

ఇంటికొచ్చాక సాధన చేసుకుందామని నిజం కేసు ఇమేజ్‌ను సొంత డిస్కులో వేసుకుని విమానం ఎక్కొద్దు. ఉద్యోగం పోవడమే కాదు, కేసు మీ మీదికే వస్తుంది. సాధనకు నిస్ట్ ఇమేజ్‌లు చాలు. మే నెల కడప ఎండలో, ఏసీ లేని గదిలో ఇండెక్సింగ్ (వెతకడానికి పదాల పట్టిక కట్టడం) పెడితే ప్రాసెసర్ వేడెక్కి మందగిస్తుంది. రాత్రిపూట పెట్టుకోండి, యూపీఎస్ మీద.

చివరగా డాంగిల్. అది పోతే లైసెన్సు పోయినట్టే, ఉత్త పెన్‌డ్రైవ్ అనుకుని బ్యాగులో పడేసుకుని ఊరికి తెచ్చుకుంటే అటు నుంచి ఫోన్లు ఆగవు. సీరియల్ నంబరు, తేదీ, తీసుకున్నవారి సంతకంతో రెండు ప్రతులు రాయించి, మీ ప్రతి చేతికొచ్చాకే ఫైనల్ సెటిల్‌మెంట్ ఫారం మీద సంతకం పెట్టండి.