మైదానం నుంచి కొండకు, పెట్రోలు లెక్క చూసుకుంటూ

పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా ముందుగా ఆగిపోయేవి ఇలా కారులో కొండకు వెళ్లే ప్రయాణాలే. అలా మానుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే హైవే, మధ్యలో ఒక పెద్ద ఊరు, చివర ఘాట్ రోడ్డు మూడూ ఉన్న దారిలో, ఏ చోట ఎంత పెట్రోలు పోతోందో గమనిస్తూ నడిపాను. చిన్న పెట్రోలు కారు, మాన్యువల్ గేర్లు, నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను.

బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉండగానే గాలి చూశాను. డ్రైవరు వైపు తలుపు తీస్తే పక్కనే స్టిక్కర్ ఉంటుంది. చాలా కార్లలో అందులో తక్కువ మందికి ఒక అంకె, నిండు లోడుకు ఇంకో అంకె ఇస్తారు. నలుగురూ సామానూ ఉంటే రెండోదే పెట్టుకోవాలి. కాస్త దూరం నడిచాక కొలిస్తే వేడికి మూడు నాలుగు పీఎస్‌ఐ (టైరు గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఎక్కువ కనిపిస్తుంది. అది చూసి గాలి వదిలితే, చల్లారాక టైరు మెత్తబడిపోతుంది. నాలుగు టైర్లలోనూ 1 పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతమే పడిపోతుంది కాబట్టి దీనితో పెద్దగా మిగిలేదేమీ ఉండదు. అయినా చూడాలి. గాలి తక్కువైన టైరు హైవే మీద లోడుతో వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. మైలేజీ కోసమని స్టిక్కర్ దాటి గట్టిగా కొట్టిస్తే రోడ్డు మీద పట్టు తగ్గుతుంది, టైరు నడిమి భాగం త్వరగా అరిగిపోతుంది.

రూఫ్ క్యారియర్ విప్పేసి ఇంట్లోనే పెట్టాను. నా ఉద్దేశంలో ఈ ప్రయాణం మొత్తంలో తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇచ్చిన పని ఇదే. టాపు మీద మొద్దు ఆకారంలో పెద్ద పెట్టె పెడితే హైవే వేగంలో 6 నుంచి 17 శాతం దాకా మైలేజీ పోతుంది. ఖాళీ క్యారియర్ కూడా గాలిని అడ్డుకుంటూనే ఉంటుంది. అదే సామాను డిక్కీలో ఉంటే 45 కిలోలకు దాదాపు 1 శాతమే నష్టం.

ఊరి చివరి బంకులో ట్యాంకు నింపించి, గన్ను మొదటిసారి దానంతటది ఆగగానే చాలన్నాను. ట్రిప్ మీటరు సున్నా చేశాను. ఆగిన తర్వాత కూడా మూతి దాకా పోయిస్తే పెట్రోలు ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బాలోకి ద్రవం వెళ్లి అది పాడవుతుంది, లెక్కా తప్పుతుంది. తెల్లవారుజామున నింపిస్తే ఎక్కువ వస్తుందన్న మాట పట్టించుకోనక్కర్లేదు. పెట్రోలు డిగ్రీకి 0.1 శాతం మేరకే వ్యాకోచిస్తుంది. భూమిలో ఉన్న ట్యాంకు ఉష్ణోగ్రత పగటికీ రాత్రికీ పెద్దగా మారదు.

హైవే ఎక్కాక అసలు నిర్ణయం వేగానిదే. గాలి నిరోధం వేగం వర్గంతో, అంటే వేగాన్ని వేగంతోనే గుణించిన లెక్కలో, పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కు వెళ్తే ఆ నిరోధం 56 శాతం ఎక్కువ, 100 నుంచి 120కి ఇంకో 44 శాతం. టైర్ల రాపిడి వంటివి అంతగా పెరగవు కనుక పెట్రోలు అదే నిష్పత్తిలో పెరగదు, కానీ డ్యాష్‌బోర్డులో మైలేజీ చూపే డిస్‌ప్లేలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 200 కిలోమీటర్ల దూరంలో 100 బదులు 80తో పోతే అరగంట ఆలస్యం. నేను ఎడమ లేనులో 80, 85 మధ్య నిలబడ్డాను. లారీ వెనక అతుక్కుని పోతే గాలి తగ్గుతుందన్నది నిజమే, కానీ అది ప్రాణాలతో చెలగాటం, ఎవరూ చేయకూడదు. ఆ వేగంలో అద్దాలు దించడం కంటే ఏసీ వేసుకోవడమే మేలు. ఎండలో నిలిపిన కారైతే ముందు అద్దాలన్నీ దించి కాస్త దూరం నడిపి, వేడిగాలి పోయాక ఏసీ వేసి రీసర్క్యులేషన్ (లోపలి గాలినే తిప్పే బటన్) పెట్టాలి.

ఊరిలోకి రాగానే డిస్‌ప్లేలో అంకె పడిపోయింది. ఇక్కడ లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని కాకుండా 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని చూడటం మంచిది. లీటరుకు 20 ఇచ్చే చోట 22కు తెస్తే 100 కిలోమీటర్లకు మిగిలేది అర లీటరు కూడా కాదు. 10 ఇచ్చే చోట 12కు తెస్తే లీటరున్నర పైనే మిగులుతుంది. అంటే ట్రాఫిక్‌లో పెట్టిన శ్రద్ధకే విలువ ఎక్కువ. ఎర్రలైటు దూరాన కనబడగానే యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, గేరులోనే దొర్లనిచ్చాను. ఇంజెక్షన్ ఇంజన్లలో ఇలా దొర్లుతున్నంతసేపూ పెట్రోలు పూర్తిగా ఆగిపోతుంది, ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దాదాపు 1000–1500కు దిగాకే మళ్లీ మొదలవుతుంది. న్యూట్రల్‌లో పెడితే ఐడిలింగ్‌కు, అంటే ఇంజను ఊరికే తిరుగుతూ ఉండటానికి, పెట్రోలు కాలుతూనే ఉంటుంది. నిలబడి ఉన్న చిన్న ఇంజను గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది, ఏసీ ఉంటే ఇంకా ఎక్కువ. రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు ఇంజను ఆపేశాను. పది సెకన్లు మించి ఆగేటట్టుంటే ఆపడమే లాభం.

ఘాట్ ఎక్కడంలో కొంత ఖర్చును ఎవరూ తప్పించలేరు. మనుషులతో కలిపి 1,400 కిలోల కారును 800 మీటర్ల ఎత్తుకు చేర్చడానికే, ఇంజను సామర్థ్యం 30 శాతం అనుకుంటే, లీటరుకు కాస్త పైనే పడుతుంది. దారి ఖర్చు దీనికి అదనం. 50 కిలోలు తగ్గిస్తే ఆ ఎక్కుడులో మిగిలేది 40 మిల్లీలీటర్లు, కాబట్టి స్టెప్నీ ఇంట్లో వదిలిపెట్టి రావడం వంటి సాహసాలు అనవసరం. తగ్గించగలిగింది వేరే ఉంది. నాలుగో గేరులో కాలు పూర్తిగా నొక్కి లాగిస్తే ఇంజను అదనపు పెట్రోలు కలుపుకుంటుంది. మూడులోకి దించి కాలు సగంలో ఉంచితే మెరుగు. ఎక్కేటప్పుడు క్రూయిజ్ కంట్రోల్ (పెట్టిన వేగాన్ని తనంతట తానే నిలిపే సదుపాయం) కూడా వద్దు, వేగం నిలపడానికి అది థ్రాటిల్‌ను, అంటే ఇంజనుకు గాలి వెళ్లే మూతను, బాగా తెరిచేస్తుంది. పైకి పోయేకొద్దీ గాలి చల్లబడింది, ఏసీ ఆపేశాం.

దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే, అవసరమైతే ఇంకొకటి తక్కువలో దిగాను. ఇంజను బ్రేకింగ్‌లో పెట్రోలు సున్నా, బ్రేకులకూ విశ్రాంతి. కీ తిప్పి ఇంజను ఆపి దొర్లించేవాళ్లను చూస్తే భయం వేస్తుంది. పవర్ స్టీరింగ్ పోతుంది, రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు బూస్టరులోని (బ్రేకు తొక్కడం తేలిక చేసే భాగం) వ్యాక్యూమ్ అయిపోయి పెడలు బిగుసుకుంటుంది.

కొండ దిగాక చక్రాలకు దగ్గరగా, తాకకుండా, అరచేయి పెట్టి చూడాలి. ముందువి రెండూ సమానంగా వేడిగా ఉంటే అది సహజమే. ఒకటే మండుతుంటే కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) పిన్ను బిగుసుకుని బ్రేకు పట్టుకునే ఉందని అనుమానించాలి. అలాంటి కారులో ఎంత జాగ్రత్తగా నడిపినా మైలేజీ రాదు. ఎయిర్ ఫిల్టరు మార్చితే మైలేజీ పెరుగుతుందని ఆశపడకండి. ఇంజెక్షన్ పెట్రోలు కార్లలో మురికి ఫిల్టరు పికప్‌ను తగ్గిస్తుంది గానీ మైలేజీని పెద్దగా కాదు. ఇంజను లైటు వెలిగి మెకానిక్ స్కానరులో ఆక్సిజన్ సెన్సర్ (పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే భాగం) తప్పు చూపిస్తే మాత్రం వెంటనే మార్పించాలి, దానితో మైలేజీ 40 శాతం దాకా మెరుగుపడవచ్చు.

ఘాట్ వరకే విడిగా తెలుసుకోవాలని కొండ కింద ఒకసారి, పైన ఒకసారి నింపించడం వల్ల ఉపయోగం లేదు. గన్ను ఆగే చోటు లీటరు అటూ ఇటూ మారుతుంది. 40 లీటర్లలో అది 2.5 శాతం, 5 లీటర్లలో 20 శాతం. చిన్న దూరాలకు డిస్‌ప్లేనే చూసి, దాన్ని సరిదిద్దుకోవాలి. తిరిగివచ్చి ట్యాంకు నింపాక, నడిచిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించాలి. బంకు లెక్క 17, డిస్‌ప్లే 18 చూపితే, ఆ కారు లీటరుకు చూపించే కిలోమీటర్ల ప్రతి అంకెనూ 0.94తో గుణించాలి.