అక్రాలో ఒక వీకెండ్: ప్లాన్ ఎక్కడిదాకా వచ్చిందంటే

ఆగస్టు: తేదీ తేల్చడం

లాగోస్‌లో ఉంటున్నవాళ్లకు ఘానా రాజధాని అక్రా పక్క ఊరి కింద లెక్క. విమానం ఎక్కితే గంట. అక్కడి టైము ఇక్కడికన్నా గంట వెనక, కాబట్టి శుక్రవారం సాయంత్రం ఆరుకు బయల్దేరితే దిగేసరికి అక్కడ దాదాపు ఆరే. తిరిగొచ్చేటప్పుడు ఆ గంట వడ్డీ లేకుండా వసూలైపోతుందనుకోండి. మ్యాపులు ముందేసుకుని ఇలా ఊళ్లకు ప్లాన్లు వేయడం నాకో సరదా. వెళ్లినవాటికన్నా వేసినవే ఎక్కువని మా ఆవిడ సణుగుడు. ఇది మాత్రం వెళ్లేదే.

ముందు నెల తేలాలి. అక్రాలో పెద్ద వానలు మే, జూన్‌లలో. అదే రోజుల్లో ఊరి మూలవాసులైన గా ప్రజలు, హోమోవో పండగకు ముందు, నెల రోజులపాటు డప్పులూ మైకులూ ఆపేయిస్తారు. ఏటా తేదీలు మారతాయి, వాళ్ల సంప్రదాయ మండలి ప్రకటిస్తుంది. సంగీతం వినడానికి వెళ్లేవాళ్లు ఆ నెల తప్పించుకోవడం మేలు. డిసెంబరులో విదేశాల నుంచి ఘానా వాళ్లంతా ఇంటిదారి పడతారు, హోటల్ రేట్లు చుక్కలనంటుతాయి. ఆ తర్వాత సహారా నుంచి హర్మటాన్ అనే పొడిగాలి, దాంతో దుమ్ము. మార్చి 6 స్వాతంత్ర్య దినం, అప్పుడు జాతీయ వేడుకల హడావిడి. ఇవన్నీ కొట్టేస్తే నవంబరు మిగిలింది. ఖాయం చేశాను.

సెప్టెంబరు: కాగితాలు

నైజీరియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఎకోవాస్ (పశ్చిమాఫ్రికా దేశాల కూటమి) ఒప్పందం వల్ల 90 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఆఫీసులో నా పక్క సీటాయన బ్యాగు సర్దుకుని వెళ్లిపోతాడు. ఇండియా పాస్‌పోర్టు ఉన్న మనకు ఆ యోగం లేదు, ముందే వీసా వేయించుకోవాలి. నైజీరియాలోకి మళ్లీ రావడానికి పనికొచ్చే కాగితాల గడువు కూడా అప్పుడే చూసుకోవాలి. వెళ్లే హడావిడిలో చాలామంది మర్చిపోయేది ఇదే.

ఎల్లో ఫీవర్ కార్డు తప్పనిసరి. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ కార్డు చెల్లదు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. ఇండియాకు తిరిగి వెళ్లేటప్పుడు అక్కడ కూడా అడుగుతారు కాబట్టి నేను పాస్‌పోర్టు కవర్లోనే పెట్టేశాను.

డబ్బు సంగతి. అక్కడ చిన్న కొట్టువాళ్లు కూడా మొబైల్ మనీలోనే తీసుకుంటారు, దాన్ని ముద్దుగా మోమో అంటారు. దానికి లోకల్ సిమ్, రిజిస్ట్రేషన్ కావాలి. రెండు రోజుల కోసం ఆ తతంగం దండగ. మడత లేని వంద డాలర్ల నోట్లు తీసుకెళ్లి, దిగాక అక్కడి కరెన్సీ సెడీల్లోకి మార్చుకోవడమే. నలిగిన నోట్లు, చిన్న నోట్లు ఇస్తే రేటు తగ్గిస్తారు.

సెప్టెంబరు చివర: రోజుల వరస

మొదట వేసిన ప్లాన్ దూరాల ప్రకారం వేసింది. దగ్గరవి శనివారం, దూరానివి ఆదివారం, అంతే. కానీ అక్రాలో దూరం కన్నా వారం ముఖ్యం. శనివారం అంత్యక్రియల రోజు. నలుపు, ఎరుపు బట్టల్లో జనం బస్సులకు బస్సులే కట్టుకుని సొంతూళ్లకు వెళ్తారు, ఊరు దాటే రోడ్లు కిటకిటలాడతాయి. ఆదివారం చర్చి, మకోలా బజారులో కొట్లు మూత. మంగళవారం గా జాలర్లు సముద్రంలోకి వెళ్లరు, అది వాళ్ల కట్టుబాటు. రంగురంగుల పడవలన్నీ ఒడ్డున వరసగా చూడాలనుకునేవాళ్లకు మంగళవారమే మంచిది. నాకు పడవలు చేపలతో రావడం చూడాలని ఉంది, కాబట్టి శనివారం తెల్లారేసరికి అక్రాలోని పాత జాలరిపేట జేమ్స్‌టౌన్‌లో ఉండాలి.

ఆ పూట నడక గురించి నేను బాగా ఆలోచించాను. జేమ్స్‌టౌన్‌లో ఎరుపు, తెలుపు పట్టీల లైట్‌హౌస్ ఉంది. ఎక్కాలంటే అక్కడున్నవాళ్ల చేతిలో ఎంతోకొంత పెట్టాలి, ముందే బేరం తేల్చుకోవాలి. దగ్గర్లోనే 1673లో ఇంగ్లిష్‌వాళ్లు కట్టిన జేమ్స్ ఫోర్ట్. ఆ తర్వాత అదే జైలైంది. ఘానా స్వాతంత్ర్యోద్యమ నాయకుడు క్వామే ఎన్‌క్రూమాను 1950లో పెట్టింది ఇందులోనే. జైల్లో ఉండగానే 1951 ఫిబ్రవరి ఎన్నికల్లో గెలిచాడు, గవర్నర్ విడుదల చేసి ప్రభుత్వం ఏర్పాటు చేయమన్నాడు. అక్కణ్నుంచి హై స్ట్రీట్ పట్టుకుని తూర్పుకు నడిస్తే అరగంట లోపే పాత పోలో మైదానం. 1957లో స్వాతంత్ర్యం ప్రకటించింది అక్కడే, ఇప్పుడు ఆయన సమాధి ఉన్నదీ అక్కడే. జైలు నుంచి మైదానానికి వరసలో నడవాలని నా పట్టు. గైడ్లు చాలామంది కారులో తిప్పి, మొదట సమాధి చూపించి, జైలు తర్వాత చూపిస్తారు. అలా తిరిగితే కథ వెనక్కి నడిచినట్టే. ఇంకొంచెం ముందుకు పోతే జాతీయ కవాతులు జరిగే మైదానం, బ్లాక్ స్టార్ స్క్వేర్. ఆ చుట్టుపక్కల సైనికుల వైపు కెమెరా తిప్పకూడదు.

మధ్యాహ్నం మకోలా. ఇది మా ఆవిడ ఖాతా. వ్యాక్స్ ప్రింట్ అనే రంగురంగుల అచ్చు నూలు బట్ట అక్కడ గజాల లెక్కన అమ్ముతారు. ఫుల్ పీస్ పన్నెండు గజాలు, హాఫ్ పీస్ ఆరు. "ఆరు గజాలంటే చీరే కదండీ!" అని అప్పుడే రంగులు వెతకడం మొదలుపెట్టింది. పన్నా కూడా ఇంచుమించు చీరంతే వస్తుంది. కాకపోతే కొత్త బట్ట గంజి పెట్టినట్టు నిటారుగా ఉంటుంది, రెండు ఉతుకులు పడితే గానీ కుచ్చిళ్లు నిలవవు. డబ్బు ఎడమ చేత్తో ఇవ్వకూడదు, అది మనకు కొత్తేం కాదు.

ఆదివారం పొద్దున అబురి. అక్వాపిమ్ కొండల మీద 1890 నాటి బొటానికల్ గార్డెన్ ఉంది, ఊరికన్నా చల్లగా ఉంటుంది. ఆ రోడ్డే ఇంకా ముందుకు వెళ్తే మాంపాంగ్. 1879లో తెత్తె క్వార్షీ కోకో నాటిన తోట అక్కడే. కారు రోజంతటికీ మాట్లాడుకోవడం మేలు. యాప్‌లో వెళ్లడం సులువే గానీ కొండ మీద తిరుగు బండి దొరక్కపోతే టెన్షన్. సాయంత్రానికి అక్రాలోనే ఓడోర్కోర్ పేటలో స్వామి ఘనానంద సరస్వతి 1975లో స్థాపించిన హిందూ మఠం చూడాలి. ఆయన ఘానాలో పుట్టినవాడే, భక్తుల్లో ఎక్కువమంది కూడా అక్కడివాళ్లే.

అక్టోబరు: తిండి

మా ఆవిడ శాకాహారి, అందుకే దీనికి ప్రత్యేకంగా పేజీ పెట్టాను. రెడ్ రెడ్ అంటే పామాయిల్‌లో ఉడికిన బొబ్బర్లు, పక్కన వేయించిన పండు అరటి. చూడ్డానికి శాకాహారమే, కానీ కూరలో ఎండుచేపల పొడి కలిపారా అని అడిగే తీరాలి. వాచే అంటే అన్నం, బొబ్బర్లు కలిపి జొన్న ఆకులతో ఉడికించింది. ఆ ఆకుల వల్లే ముదురు ఎరుపు రంగు వస్తుంది. దాని మీద వేసే షిటో అనే నల్లని కారపు పచ్చడిలో చేపా రొయ్యా రెండూ ఉంటాయి, కాబట్టి "షిటో వద్దు" అని గరిటె ఎత్తకముందే చెప్పాలి. వాచే పొద్దున పూట సరుకు, మంచి చోట మధ్యాహ్నానికి అడుగంటుతుంది. కెలెవెలె మాత్రం రాత్రే. అల్లం, కారం పట్టించి వేయించిన అరటిపండు ముక్కలు. అక్రాలోని ఒసు పేటలో హోటల్ చూడటానికి సగం కారణం అదే. మిగతా సగం ఎయిర్‌పోర్టు దగ్గర కావడం.

ఇంకా తేలనివి: ఒసులో రాత్రిపూట పాటల మోత లేని గది, సోమవారం పొద్దుటి ఫ్లైట్. ఎక్కువ చీకటితో బయల్దేరేది కాకుండా చూడాలి. మకోలాకు ఖాళీ సూట్‌కేసు ఒకటి పట్టుకెళ్దామంటోంది మా ఆవిడ. దానికి లగేజీ చార్జీ ఎంతో కనుక్కుంటున్నాను.