చెవులకి అలవాటైంది, బీపీకి కాలేదు

గాజువాకలో మా ఫ్లాటు మెయిన్ రోడ్ ఫేసింగ్. దానికోసమే బిల్డరు కొంత ఎక్కువ తీసుకున్నాడు కూడా. బాల్కనీ కిందే హైవే, తెల్లవార్లూ ట్రైలర్లు. చుట్టాలొస్తే "ఇక్కడెలా పడుకుంటారే?" అనేవాళ్ళు. మాకు అలవాటైపోయింది.

నలభయ్యారో ఏట బీపీ వచ్చింది. మాత్ర వేసుకున్నా, పచ్చళ్ళు మానేసినా పై అంకె 150 దిగలేదు. రెండో మాత్ర చేర్చాక పగలు కాస్త దారికొచ్చింది గానీ, లేవగానే తల దిమ్ముగా ఉండేది. డాక్టరుగారు ఒక రోజంతా మోసే బీపీ మిషన్ పెట్టించారు. జబ్బకి పట్టీ, నడుముకి డబ్బా. ఉండుండి బుస్సుమని ఉబ్బి చెయ్యి నొక్కేస్తుంది. అంట్లు తోముతున్నా సరే, చెయ్యి కదపకుండా నిలబడాలి.

నిద్రలో బీపీ పగటి కన్నా 10 నుంచి 20 శాతం తగ్గాలిట. నాది పగలు సగటున 138/88, రాత్రి 134/85.

"గురక పెడతారా అమ్మా?"

లేదండీ అన్నారు మా ఆయన.

"పడగ్గది ఎటువైపు?"

మనకి మెలకువ రాకపోయినా మెదడు చప్పుడు వింటూనే ఉంటుందిట. హారన్ మోగినప్పుడల్లా అడ్రినలిన్ ఎగదన్ని రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఇంటికొచ్చి చదివాను: యూరప్‌లో 4 విమానాశ్రయాల దగ్గర 140 మందిని నిద్రలో పరీక్షించి 2008లో ప్రచురించారు. 35 డెసిబెల్స్ దాటిన చప్పుడు వినపడితే చాలు, లేవకపోయినా బీపీ పెరిగింది. విమానమైనా, రోడ్డు మీద బండైనా, పక్కవాళ్ళ గురకైనా అంతే. మన దేశంలో 2000 నాటి రూల్స్ ప్రకారం ఇళ్ళున్నచోట రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 దాటకూడదు. హైవే పక్కన ఆ మాటంటే ఎవరైనా నవ్వుతారు.

మంచం వెనకవైపు చిన్న గదిలోకి మార్చాను. బియ్యం డబ్బాలూ పాత ట్రంకు పెట్టెలూ హాల్లోకొచ్చాయి, చూడ్డానికి బాగాలేదు, ఉండనీ. మొదటి కొన్ని రాత్రులు ఆ నిశ్శబ్దానికే నిద్ర పట్టలేదు. మూడు నెలల తర్వాత మళ్ళీ మిషన్ పెడితే రాత్రి సగటు 116/71. ఈలోగా నడక కూడా మొదలెట్టాను కాబట్టి ఘనతంతా గదిదే అనను. రెండో మాత్ర ఆపేశారు, మొదటిది వేసుకుంటున్నాను. తల దిమ్ము పోయింది.

మా ఆయన మాత్రం ముందుగదిలోనే. "లారీ నామీంచి పోయినా నాకు మెలకువ రాదు" అంటారు. వచ్చే నెల ఆయన జబ్బకీ ఆ పట్టీ కట్టిస్తున్నాను.