సామాన్ల ట్రైలర్‌ని డీర్ క్యాంప్ గదిగా మార్చిన పని

నవంబర్ 15న మిషిగన్‌లో ఏ ఫ్యాక్టరీలోనైనా మెషీన్ ఆగిపోతే బాగుచేసే మనిషి దొరకడం కష్టం. ఆ రోజు తుపాకీతో జింకల వేట మొదలవుతుంది. 1925 నుంచీ అదే తేదీ, ఏ వారం వచ్చినా మారదు, నెలాఖరు దాకా సాగుతుంది. కొన్ని ఊళ్ళలో బడికి కూడా సెలవిచ్చేస్తారు. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఆ వారం మా ప్లాంటు ఖాళీ అవుతుంది, ముఖ్యంగా మెయింటెనెన్స్ వాళ్ళూ, రేకుని నొక్కి ఆకారం తెచ్చే అచ్చులు (డైలు) చేసే డై షాపు వాళ్ళూ ఒక్కరు కనపడరు. కొత్తగా వచ్చిన ఇంజినీర్లకి సీనియర్లు చెప్పే మొదటి మాట కూడా అదే, ఆ వారంలో లైన్ మార్పులు పెట్టుకోవద్దని.

నేను పనిచేసేది డెట్రాయిట్ దగ్గర కార్ల విడిభాగాల ప్లాంటులో. చదివింది మెకానికల్. కాలేజీ వర్క్‌షాపులో లేత్ మీద పని చేసిన రోజులు నాకు ఇష్టమైనవి, కానీ ఇక్కడ నా పనంతా ఎక్సెల్ షీట్లు, కస్టమర్‌కి పంపే పీపీఏపీ (విడిభాగానికి ఆమోదం తీసుకునే) కాయితాలు, మీటింగులు. ప్లాంటులో పనిముట్టు పట్టుకునేది స్కిల్డ్ ట్రేడ్స్ వాళ్ళు, అంటే చేతిపనిలో శిక్షణ పొందిన పనివాళ్ళు. యూనియన్ ఉన్న చోట ఇంజినీర్ రెంచ్ పట్టుకుంటే అది పక్కవాడి పని లాక్కోవడమే, ఊరుకోరు. అందుకని మా డై షాపులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేస్తున్న పెద్దాయన (మనసులో నేను ఆయన్ని అలాగే పిలుచుకుంటాను, ఇక్కడ అందరూ పేరు పెట్టి పిలిచినా) ఒకరోజు నా డెస్క్ దగ్గరికి వచ్చి ఒక లెక్క అడిగితే ఆశ్చర్యమేసింది. "ఏడడుగుల వెడల్పు, పధ్నాలుగు అడుగుల పొడవు ఉన్న పెట్టెలో ముగ్గురు పడుకుంటే గాలికి ఎంత కంత పెట్టాలి?" అని అడిగాడు.

వేటకి వెళ్తే ఆయన అప్పటిదాకా అడవిలో గుడారంలో ఉండేవాడు, ఆ వేట మకాంనే ఇక్కడ డీర్ క్యాంప్ అంటారు. గొట్టం లేని చిన్న ప్రొపేన్ హీటర్ లోపల పెట్టుకుని పడుకునేవాడు, రెండేళ్ళ క్రితం ఒక తెల్లవారుజామున తల పగిలిపోయే నొప్పితో లేచి, బయటికి పాకి వాంతి చేసుకున్నాడట. అది కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు, రంగు ఉండదు, రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అమెరికాలో మంటలతో సంబంధం లేకుండా ఈ గ్యాస్ వల్ల ప్రమాదవశాత్తు ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని ఇక్కడి ఆరోగ్య శాఖ లెక్క. ఆ తర్వాత ఆయన ఇళ్ళకి ఫ్లోరింగ్ వేసే ఒక కాంట్రాక్టర్ దగ్గర పాత కార్గో ట్రైలర్ కొన్నాడు, రెండు ఇరుసులది, చుట్టూ పల్చటి అల్యూమినియం రేకు, లోపల ఇనప చట్రం, దానికి బిగించిన ప్లైవుడ్. గాలి సంగతి తేలేదాకా అందులో ఒక్క మేకు కొట్టనన్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే. మంచం ఎక్కడ, స్టవ్ ఎక్కడ అని మొదలుపెట్టే వాళ్ళే ఎక్కువ.

వేట మాట వినగానే మొదట నాకు ఇబ్బందిగానే ఉండింది. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట అంటే నేరం అనే పెరిగాం. ఇక్కడ పరిస్థితి వేరు. మిషిగన్‌లో సుమారు 20 లక్షల జింకలున్నాయి, ఏటా 50,000కు పైగా కార్లు వాటిని గుద్దుకుంటున్నాయి. వేట లైసెన్సుల డబ్బు ఎక్కువగా వన్యప్రాణుల సంరక్షణకే వెళ్తుంది. నేను తుపాకీ పట్టను, హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాడు వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదీ లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం కూడా. కానీ ఆ ఇనప పెట్టె పని మాత్రం నా చదువుకి దగ్గరి పని. శనివారాలు ఆయన గరాజ్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను.

లెక్క కాగితం మీద పెట్టాను. ప్రొపేన్ కాలితే వేడి ఒక్కటే రాదు, నీరు కూడా వస్తుంది. ఒక కిలో ప్రొపేన్ కాలితే దాదాపు కిలో ఆరొందల గ్రాముల నీటి ఆవిరి పుడుతుంది, అది ఆక్సిజన్‌తో కలిసి తయారయ్యే నీరు కాబట్టి కాలిన గ్యాస్ బరువు కంటే ఎక్కువ. ఇక్కడ గ్రిల్ కింద పెట్టుకునే 20 పౌండ్ల సిలిండర్ మొత్తం అలా లోపలే కాలిస్తే సుమారు 15 లీటర్ల నీళ్ళు గదిలోకి వచ్చినట్టు. దీనికి ముగ్గురు మనుషుల ఊపిరీ, చెమటా, తడి బూట్లూ, ఆరేసిన జాకెట్లూ తోడు. ఆ ఆవిరంతా ఎక్కడికి పోతుంది? చల్లగా ఉన్న రేకు మీదికి. అక్కడ మంచై గడ్డకడుతుంది, పొద్దున వేడి తగలగానే మంచాల మీద కారుతుంది, గోడ లోపలికి పోయినది బయటికి రాక ప్లైవుడ్‌ని కుళ్ళబెడుతుంది. పెద్దాయన ఈ కాగితం రెండుసార్లు చదివి, "అయితే గుడారంలో నా స్లీపింగ్ బ్యాగ్ తడిసింది మంచు వల్ల కాదన్నమాట" అన్నాడు.

దాంతో ఒకటి తేలిపోయింది, వెచ్చదనం కోసం రాత్రంతా మండే మంట ఏదైనా సరే, దాని గాలి బయటి నుంచి రావాలి, పొగ బయటికే పోవాలి. డీజిల్ హీటర్ పెట్టాం. మంట ఒక మూసిన గొట్టంలో ఉంటుంది, దాని ఊపిరంతా ట్రైలర్ అడుగు నుంచే, లోపలికి వచ్చేది పొడి వేడిగాలి మాత్రమే. ఎంత పెద్దది కావాలన్న దగ్గర కాస్త వాదన జరిగింది. అమ్మేవాళ్ళు అయిదు కిలోవాట్లది తీసుకోమంటారు. గోడలు, కప్పు, నేల కలిపి దాదాపు 470 చదరపు అడుగులు, బయట 20 డిగ్రీల ఫారెన్‌హీట్, లోపల 70 అనుకుని లెక్క కడితే ఒకటిన్నర కిలోవాట్లు చాలు, గాలి మార్పిడికి ఇంకాస్త. రెండు కిలోవాట్లదే తీసుకున్నాం. పెద్దది కొంటే అది ఎప్పుడూ సన్నటి మంట మీదే నడిచి లోపల మసి పట్టి, చివరికి సరిగ్గా చలి ఎక్కువున్న రాత్రే మొరాయిస్తుంది.

ఇక గోడల పని. నేను చూసిన పనితనంలో ఇది చెప్పుకోదగ్గది. పాత ప్లైవుడ్ విప్పి, ఇనప పక్కటెముకల మధ్య గులాబీ రంగు ఫోమ్ బోర్డు కోసి కూర్చాం. అద్దాల ఉన్ని (ఫైబర్‌గ్లాస్) వేయలేదు, రోడ్డు కుదుపులకి అది కిందికి జారిపోతుంది, తేమ పట్టుకుంటుంది. ఫోమ్ అంగుళానికి ఆర్ విలువ (వేడి దాటిపోకుండా ఆపే కొలత) 5. అయితే మధ్యలో ఇనుము ఉన్నంతసేపూ ఆ విలువ కాగితం మీదే. ఇలా ముందే మార్చిన ఒక స్నేహితుడి ట్రైలర్‌కి పెద్దాయన నన్ను తీసుకెళ్ళి చూపించాడు, చలికాలం పొద్దున పూట. గోడ పొడుగునా స్క్రూ తలలన్నీ తెల్లగా మంచు పట్టి ఉన్నాయి, వరసగా, ఇనప కమ్మీ ఎక్కడెక్కడ ఉందో చుక్కలు పెట్టి చూపిస్తున్నట్టే ఉన్నాయి. ఒక్కో తల కింద నీటి చార. అంత చిన్న స్క్రూ బయటి చలిని నేరుగా లోపలికి తెస్తోంది.

పెద్దాయన దానికి చేసిన మందు ఇది. ప్రతి ఇనప కమ్మీ మీదా సన్నటి చెక్క పట్టీ జిగురుతో అతికించి, దాన్ని అక్కడక్కడా మాత్రమే లోతుగా దిగిన స్క్రూలతో బిగించాడు. కొత్త ప్లైవుడ్ ఆ చెక్క పట్టీకే, ఇనుముని తాకనంత పొట్టి స్క్రూలతో. ప్రతి స్క్రూ పొడవూ వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి డబ్బాలో వేశాడు. ట్రైలర్ గోడకి కాలిపర్ ఏమిటని నేను అడగలేదు, డైలు చేసే చేతికి కొలవకుండా పని చేయడం రాదు. ఫోమ్ అంచుల్లో సందులన్నీ స్ప్రే ఫోమ్‌తో పూడ్చి, పైన రేకు టేపు అంటించాం, ఆవిరి దాని వెనక్కి పోకుండా.

ప్లాంటులో ఇదే మనిషికి నేను డ్రాయింగ్ పంపిస్తే అది మూడు సంతకాలు దాటి వెళ్తుంది. ఏదైనా తేడా ఉంటే ఆయన మా సూపర్‌వైజర్‌కి చెప్తాడు, సూపర్‌వైజర్ నాకు మెయిల్ పెడతాడు. ఈ గరాజ్‌లో అయితే నా చేతిలో రంపం తీసుకుని, కోణం మార్చి, మళ్ళీ నా చేతికే ఇచ్చేవాడు. ఆ శనివారాల తర్వాత ప్లాంటులో కూడా తేడా కనపడింది. డ్రాయింగ్ గీయకముందే డై షాపుకి నడిచి వెళ్ళి అడగడం నాకు అలవాటైంది. కొత్తగా అమెరికా వచ్చి ఇలాంటి ఫ్యాక్టరీల్లో చేరిన మన పిల్లలకి ఇది గట్టిగా చెప్తాను. క్యాంటీన్‌లో మన టేబుల్, మన డబ్బా, మన కబుర్లు దాటి ఆ షాపు ఫ్లోర్ వైపు వెళ్ళండి. వాళ్ళకి తెలిసినది ఏ మాన్యువల్‌లోనూ ఉండదు.

తలుపుల గురించి చాలామంది ఆలోచించరు. కార్గో ట్రైలర్ వెనక తలుపులకి ఉండే పొడుగాటి గడియ కడ్డీ బయట నుంచి మాత్రమే పడుతుంది, తీస్తుంది. సామాన్ల కోసం చేసిన బండి కదా, లోపల మనిషి ఉంటాడని ఎవరనుకున్నారు? పక్క తలుపుకి లోపలి నుంచి తెరిచే పిడి పెట్టాం, దానికి ఎదురు గోడలో మనిషి దూరేంత కిటికీ పెట్టాం, ఒక దారి మూసుకుపోతే ఇంకోటి ఉండాలని. కప్పులో 14 అంగుళాల వెంట్, నేలకి దగ్గరగా అవతలి మూల ఒక చిన్న గాలి కంత, రెండూ ఎంత చలిలోనైనా కొద్దిగా తెరిచే ఉంటాయి. మోనాక్సైడ్ అలారం పడుకునే ఎత్తులో, వంటకి పెట్టుకున్న ప్రొపేన్ స్టవ్ కోసం గ్యాస్ అలారం నేల దగ్గర, ప్రొపేన్ గాలి కంటే బరువు కాబట్టి. లిథియం బ్యాటరీ మంచం కింద, లోపలే పెట్టాం, గడ్డకట్టే చలిలో దాన్ని ఛార్జ్ చేస్తే పాడవుతుంది.

బరువు లెక్క నేనే చూశాను. ఈ ట్రైలర్‌కి మొత్తం 7,000 పౌండ్లు దాటకూడదు, అందులో పది నుంచి పదిహేను శాతం ముందు కొక్కెం మీద పడాలి. బరువంతా వెనక్కి పోతే హైవే మీద ట్రైలర్ పాములా ఊగుతుంది, బండిని కూడా లాగేస్తుంది. అందుకే నీళ్ళ డబ్బాలు ఇరుసుల దగ్గర, మంచాలూ వాటి కింది బ్యాటరీ ముందు వైపు వచ్చాయి.

నవంబర్‌లో రెండు రోజులు సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. ఇంట్లో అమ్మ ఫోన్లో, "తుపాకులున్న చోటికి నువ్వెందుకు నాయనా?" అంటూనే ఉంది. ఐ-75 మీద ఉత్తరానికి పోతూ మాకినా వంతెన దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన మాట్లాడడం ఆపేశాడు. 1957లో కట్టిన వంతెన, అయిదు మైళ్ళ పొడవు, గాలి ఎక్కువైతే ఎత్తైన ట్రైలర్లని ఆపేస్తారు, లేదంటే ముందు ఒక బండి పెట్టి మెల్లగా దాటిస్తారు. లోపలి లేన్లు ఇనప జాలీ, కింద నీళ్ళు కనపడతాయి. ఆ రోజు గాలి ఉంది కానీ ఆపేంత లేదు. ట్రైలర్ ఊగలేదు. అవతలి ఒడ్డు చేరాక ఆయన నా భుజం మీద తట్టాడు, అంతే.

వంతెన అవతల ఉన్న మిషిగన్ ఉత్తర భాగం, అప్పర్ పెనిన్సులాలోని ప్రభుత్వ అడవిలో క్యాంప్‌గ్రౌండ్లకి దూరంగా డబ్బు కట్టకుండా మకాం వేయొచ్చు, పేరు రాసిన ఒక కార్డు అక్కడ తగిలిస్తే చాలు. పెద్దాయన, ఆయన బావమరిది, నేను. రాత్రి బయట మైనస్ ఎనిమిది సెల్సియస్, లోపల స్వెటర్ తీసేశాం. నేను తీసుకెళ్ళిన చింతపండు పులిహోర వాళ్ళిద్దరూ గిన్నె ఖాళీ చేశారు. తెల్లవారి వాళ్ళు బట్టలు వేసుకుంటుంటే నేను టార్చ్ పట్టుకుని గోడలు తడిమాను. స్క్రూలన్నీ పొడిగా ఉన్నాయి. కిటికీ అద్దం అంచున మాత్రం సన్నటి తడి. అలారం మీద సున్నా. నాకు పెద్ద ప్రాజెక్టు ఒకటి ఆమోదం పొందిన రోజు కూడా అంత సంతోషం కలగలేదు.

పని మొత్తానికి డబ్బు ఇస్తానన్నాడు పెద్దాయన, చాలాసార్లు. వీసా మీద ఉన్నవాడు తన కంపెనీ జీతం తప్ప బయట పని చేసి డాలర్ కూడా తీసుకోకూడదని చెప్తే మొదట నమ్మలేదు, తర్వాత ఆ రూల్ మీద నాకంటే ఎక్కువ కోపం తెచ్చుకున్నాడు. డిసెంబర్‌లో కాగితం చుట్టిన జింక మాంసం ఇంటికి తెచ్చి ఇచ్చాడు, మా ఆవిడ అల్లం వెల్లుల్లి దట్టించి వేపుడు చేసింది.

ఇప్పుడు మన వాళ్ళు కొందరు పిల్లలతో యెల్లోస్టోన్ తిరగడానికి ఇలాంటి ట్రైలర్ చేసుకుంటామని అడుగుతున్నారు. మంచి ఆలోచనే. పాతది కొనేటప్పుడు మాత్రం పట్టపగలు లోపలికి వెళ్ళి, బయట ఒక మనిషిని పెట్టుకుని, తలుపులన్నీ మూయించి నిలబడండి. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక సన్నటి వెలుగు ఎక్కడ కనపడితే వాన నీళ్ళు అక్కడి నుంచే వస్తాయి, అలాంటివి సీలెంట్‌తో పూడ్చుకోవచ్చు. కానీ కప్పు మూలల్లో, ముందు గోడ అడుగున ప్లైవుడ్ నల్లబడి, వేలితో నొక్కితే దిగిపోతుంటే, ధర ఎంత తగ్గించినా ఆ ట్రైలర్ వదిలేయండి.